గుగ్గులు పొదకు గండం: అంటుకొమ్మ ఒక్కటే చాలదు

యోగరాజ గుగ్గులు, త్రిఫలా గుగ్గులు వంటి ఆయుర్వేద ఔషధాలకు మూలాధారమైన గుగ్గులు పొద నేడు ఉనికి కోసం పోరాడుతున్నది. మహిసాక్షి అని కూడా పిలిచే ఈ ముళ్ల పొద రాజస్థాన్, గుజరాత్‌లలోని మెట్ట భూములకు, సరిహద్దు ఆవల సింధ్, బలూచిస్తాన్ ప్రాంతాలకు సహజమైనది. తెలుగునాట గుగ్గిలమని వ్యవహరించే సాలజాతి వృక్షాల బంక వేరు, ఇది వేరు.

కాండానికి గాట్లు పెట్టి బంకను సేకరిస్తారు. ఎక్కువ బంక రాబట్టాలన్న ఆశతో లోతుగా గాట్లు పెట్టడం వల్ల పొదలు ఎండిపోతున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2015లో ఈ జాతిని తీవ్రంగా అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చింది.

పొదను పెంచడానికి మార్గాలు రెండు. మొదటిది అంటుకొమ్మ. చిటికెన వేలంత లావున్న ముదురు కొమ్మను జానెడుకు మించిన పొడవున కోసి, వేసవి చివర నారుమడిలో నాటితే వేరు పట్టుతుంది. నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది. మరుసటి వర్షాకాలంలో మొక్కను పొలానికి తరలించవచ్చు.

రెండవది గింజ. నల్ల గింజలే మొలకెత్తుతాయి. పాలిపోయిన పసుపు గింజలు సాధారణంగా నిష్ఫలం. మొలక శాతం స్వల్పమే అయినా, గింజ మొక్కకు వేరు లోతుగా దిగి ఎండను, గాలిని బాగా తట్టుకుంటుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. అంటుకొమ్మ తల్లి మొక్కకు ప్రతిరూపమే. ఈ జాతిలో మగ మొక్కలు అరుదు. పరాగ సంపర్కం లేకుండానే గింజ కట్టడం పరిపాటి. కనుక గింజ మొక్కలలోనూ వైవిధ్యం పరిమితమే. ఒకే తోటలోని కొమ్మలతో వేలాది ఎకరాలు నింపితే, ఒక్క తెగులుకు అన్నీ లొంగిపోయే ప్రమాదం ఉన్నది. వేర్వేరు ప్రాంతాల నుంచి కొమ్మలు, గింజలు రెండూ సేకరించడమే దీనికి విరుగుడు.

దేశీయ అవసరాలకు ఒకప్పుడు పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకే పెద్ద ఆధారం. ఆ దేశపు దిగుమతులన్నింటినీ భారత ప్రభుత్వం 2025 మే నెలలో నిషేధించింది. నాటిన పొద గాటుకు సిద్ధం కావడానికి దాదాపు ఎనిమిదేళ్లు పడుతుంది. అంతకాలం ఆదాయం లేకుండా చిన్న రైతు ఎదురుచూడలేడు. నారు పంపిణీతో పాటు, తోట చేతికి వచ్చేదాకా ఆసరా కల్పించినప్పుడే ఈ పొద అడవి నుంచి పొలానికి చేరుతుంది.