కమానుల నీడలో అంగడి

హనుమకొండ వేయిస్తంభముల గుడి మంటపములో నిలుచున్నవారికి ఒక సంగతి వెంటనే తోచును: ఎటు చూచినను చూపునకు స్తంభము అడ్డు వచ్చును. క్రీ. శ. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శిల్పుల నేర్పునకు కొదువ లేదు. స్తంభములు అంత దగ్గరగా నిలువవలసి వచ్చినది రాతి స్వభావము వలన. రాయి నిలువుగా ఎంత బరువునైనను మోయును. దానినే దూలముగా పరచి పైన బరువు పెట్టినచో అడుగుభాగము సాగలేక పగులును. కనుక దూలము పొట్టిగాను, స్తంభములు దగ్గరగాను ఉండవలెను.

అచ్చటినుండి ఓరుగల్లు కోటలోని ఖుష్ మహలునకు పోయినచో వేరొక పద్ధతి కనబడును. ఆ పెద్ద చావడి నడుమ స్తంభము లేదు. ఒక గోడనుండి ఎదుటి గోడకు ఎత్తైన కమానులు లేచి కప్పు బరువును అందుకొన్నవి.

గుడిలో స్తంభములు అందము. అంగడిలో అవి అడ్డు. నెత్తిన పండ్లగంప పెట్టుకొన్న మనిషి తల వంచకుండ, ఎవరిని తగులకుండ లోనికి పోవలెను. ఈ అవసరమునకు కమాను ఎట్లు పనికివచ్చినదో చూడదలచినవారికి హైదరాబాదులోని మొజంజాహి మార్కెట్టు మంచి పాఠము.

1908లో మూసీనది వరదకు హైదరాబాదు చెడిపోయినది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి రోడ్లను వెడల్పు చేయుటకు, ఇరుకు పేటలను బాగుపరచుటకు పూనుకొన్నది. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలములో, 1935లో, ఈ మార్కెట్టు పూర్తియైనది. ఆ సంస్థకు అధ్యక్షుడైన నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరే దీనికి పెట్టినారు.

రోడ్లు కలిసే కూడలిలో స్థలము కోణముగా ఉన్నది. కట్టినవారు ఆ కోణమును దాచలేదు. ఎద్దుబండి నొగలు ముందుకు వచ్చి ఒకచోట కలిసినట్లు, రెండు దుకాణముల వరుసలు వచ్చి కూడలివైపున కలియును. ఆ కలిసినచోట గుమ్మటముతో గడియార స్తంభము లేచినది. వరుసల నడుమ ఆకాశమునకు తెరచియున్న ముంగిలి కలదు. కట్టడమంతయు నల్లసేనపు రాయి. మన ఓరుగల్లు బండలకు దగ్గరి చుట్టమే.

కమాను రహస్యము చిన్నది. అడుగున సన్నముగా, పైన వెడల్పుగా చెక్కిన రాళ్ళను విల్లువలె పేర్చుదురు. అంతవరకు కింద కొయ్య చట్రము ఆధారము. నడినెత్తిన చివరి రాయి దిగిన తరువాత చట్రమును తీసివేసినను కమాను నిలుచును. పైబరువు ఒక రాతిని మరియొక రాతికి నొక్కునే గాని, ఏ రాతిని సాగదీయదు. నొక్కుడును ఓర్చుటయే రాతికి బలము. అయితే కమాను తన పాదములను ప్రక్కలకు త్రోయును. ప్రక్కన మరియొక కమాను ఉన్నచో ఆ త్రోపును అది ఎదురుత్రోపుతో ఆపును. అందువలననే కమానులు వరుసలో నిలుచుటకు ఇష్టపడును. వరుస చివర మాత్రము గోడ దిట్టముగా ఉండవలెను.

ఒక వేసవి మధ్యాహ్నము మేము రోడ్డు దాటి ఆ కమానుల కిందికి అడుగుపెట్టినాము. రెండడుగులలోనే ఎండ వెనుకబడినది. దళసరి రాతిగోడ వేడిని మెల్లగా పీల్చి, మెల్లగా విడుచును. ఎత్తైన కప్పు వేడిగాలిని తలల మీదికి తీసికొనిపోవును. అచ్చటి సీతాఫలపు, మామిడిపండ్ల ఐస్‌క్రీము దుకాణములు పేరుపొందినవి. వాటి గిరాకీలో ఆ నీడకు కూడ కొంత వాటా ఉన్నదని మాకు తోచినది.

1980 దశకములో పండ్ల వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలిపోయినది. క్రమముగా కప్పు కారినది, అడ్డుకట్టలు లేచినవి, రాతి ముఖము మాసినది. 2018లో బాగుచేయుట మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మార్కెట్టును మరల ప్రజలకు అప్పగించినారు. ఇట్టి కట్టడములను బాగుచేయువారు సిమెంటు విషయమున జాగ్రత్తపడుదురు. సున్నపు గచ్చు లోని చెమ్మను బయటికి పోనిచ్చును. సిమెంటు పూత దానిని గోడలోనే బంధించి, లోపలినుండి గోడను తినివేయును.

ఇంత అదృష్టము అన్నిటికి పట్టలేదు. మద్రాసులో 1900లో తెరచిన మూర్ మార్కెట్టు పాత పుస్తకములకు నిలయము. అచ్చట నివసించిన తెలుగువారికి సుపరిచితము. 1985లో అది అగ్నికి ఆహుతియైనది. ఆ స్థలములో ఇప్పుడు రైల్వే భవనమున్నది.

మొజంజాహి మార్కెట్టులో మాకు సంతోషము కలిగించినది కడిగిన రాయి ఒక్కటే కాదు. ఆ కమానుల కింద బేరము ఇంకను సాగుచుండుట. అంగడిని చూడదగిన వస్తువుగా మాత్రమే మిగిల్చినచో దాని రాళ్ళు ఉండును గాని, అంగడి ఉండదు. మన ఊళ్ళలోను పాత గంజి దుకాణములు, సున్నపు గోడలు కొన్ని మిగిలియున్నవి. వాటిమీద సిమెంటు పూయుటకు ముందు, ఆ వ్యాపారిని వేరుచోటికి పొమ్మనుటకు ముందు, అవి ఏ పనికి ఆ ఆకారము దాల్చినవో ఒకమారు అడిగి తెలిసికొనుట మంచిది.