బండిలో పడక: క్రిస్మసు ప్రయాణంలో ఒక రాత్రి



డిసెంబరు మూడవ వారం దాటిందంటే ఫలక్‌నుమాలోని మన విశ్వాసుల ఇండ్లకు శ్రీశైలం రోడ్డు వైపు నుండి బంధువులు రావడం మొదలవుతుంది. ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాలవారు మెదక్ చర్చికి క్రిస్మసు ఆరాధనకు పోతూ ఇక్కడ ఒక పూట ఆగుతారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తరువాత నగరంలోనికి రాకుండానే పోవచ్చు. అయినా ఆడపడుచు ఇల్లు దారిలో ఉండగా చూడకుండా పోయేవారెవరు? బండిలో తొమ్మిదిమంది వస్తారు. ఇల్లేమో రెండు గదులు. ఆడవారు, పిల్లలు లోపల సర్దుకొంటే మిగిలినవారు బండిలోనే పడుకొంటారు. మెదక్ చేరిన తరువాత అయితే అందరికీ బండే ఇల్లు. తెల్లవారకముందే జరిగే మొదటి ఆరాధనకు చోటు దొరకాలంటే ముందు రాత్రే చేరుకోవాలి గదా.

ఇది కొత్త అలవాటేమీ కాదు. పాస్నెట్ దొరగారి కాలంలో ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. అప్పటి మన పెద్దలు ఎడ్లబండ్లలో వచ్చేవారు. బండిలో పడుకోవడం వారికి బాగా తెలుసు. ఎడ్లను విప్పగానే నొగలు నేలకు వాలిపోయి బండి ముందుకు ఒరుగుతుంది గనుక, కాడి కింద కొయ్య నిలబెట్టి బండిని సమం చేసేవారు. తొట్టిలో మోకాలి ఎత్తు వరిగడ్డి పరచి, దానిమీద గోనెపట్టా, దానిమీద బొంత వేసేవారు. ఉదయం ఆ గడ్డే ఎడ్లకు మేత. మోటారు బండ్లు వచ్చిన తరువాత మనకు వేగం వచ్చింది గాని ఆ తెలివి మాత్రం ఎడ్లబండితోనే పోయింది. ఇప్పుడు ఏడుగురు సీట్లలో కూర్చొని, మెడలు వాల్చి, ఒకరి భుజం మీద ఒకరు పడి రాత్రంతా కునుకుతారు. పొద్దున ఆరాధనలో ఆవులింతలు, తిరుగు దారిలో అంతకన్నా పెద్ద ప్రమాదం. అందుచేత బండిలో చదునైన పడక ఎలా వేసుకోవాలో ఈ నెల కొంత వివరంగా వ్రాయాలనిపించింది.

మొదట బండి నిలిపే చోటు చూడాలి. ఫలక్‌నుమా ప్యాలెస్ గుట్టమీద ఉన్నదని అందరికీ తెలుసు. 1884లో సర్ వికారుల్ ఉమ్రా పునాది వేసిన ఆ భవనంలో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చొని భోజనం చేయవచ్చు. 2010 నుండి అది పెద్ద హోటలు. అక్కడ ఒక రాత్రి పడకకయ్యే సొమ్ముతో మన కుటుంబం ఎన్ని క్రిస్మసులు చేసుకోవచ్చో లెక్క వేయడం అనవసరం. మనకు కావలసిన సంగతి ఏమంటే, ఆ గుట్ట చుట్టూ ఉన్న బస్తీల్లో వీధులు చాలావరకు ఏదో ఒక వైపుకు వాలి ఉంటాయి. కూర్చున్నప్పుడు ఆ వాలు తెలియదు. పడుకొన్న గంటకు తెలుస్తుంది. తల పల్లంలో ఉంటే ముఖం బరువెక్కుతుంది, తిన్నది గొంతులోకి వస్తుంది. పక్కకు వాలి ఉంటే ముగ్గురూ కలిసి తలుపు వైపుకు జారుతారు.

మేస్త్రీల దగ్గర రసమట్టం ఉంటుంది. మనకు నీళ్ల సీసా చాలు. సన్నని సీసాలో నీళ్లు పోసి కొంచెం ఖాళీ ఉంచి మూత బిగించి, బండి లోపల నేలమీద పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పడుకోబెట్టండి. గాలి ఏ వైపుకు చేరుతుందో ఆ వైపు ఎత్తు. వాలు కొంచెమే అయితే బండిని తిప్పి నిలిపి, తలలు ఎత్తు వైపుకు పెట్టుకొంటే సరిపోతుంది. ఎక్కువైతే పల్లంలో ఉన్న చక్రం ముందర మందపాటి పలక గాని చదునైన బండ గాని పెట్టి మెల్లగా దానిమీదికి ఎక్కించాలి. తరువాత హ్యాండు బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. కొందరు జాకీతో ఒక మూల లేపి సమం చేసి పడుకొంటారు. అది ఎప్పుడూ చేయకూడదు. లోపల ఒకరు పక్కకు తిరిగితే చాలు, జాకీ జారుతుంది.

ఇక పడక సంగతి. మన పల్లెల్లో ఓమ్ని బండి తయారీ 2019లోనే నిలిచిపోయినా ఇంకా తిరుగుతూనే ఉంది. దాని మొత్తం పొడవు పదకొండు అడుగులు. బయటి వెడల్పే ఐదు అడుగులు లేదు. కాబట్టి అడ్డంగా పడుకొంటే పెద్దవారికి కాళ్లు చాచడం కుదరదు, పొడవుగానే పడుకోవాలి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది గనుక వెనుక భాగంలో నేల చాలావరకు చదునుగానే ఉంటుంది. సుమో, బొలేరో వంటివాటిలో సీట్ల మధ్య కాళ్లు పెట్టుకొనే గుంటే అసలు సమస్య. సీటు మడిచినా ఒకచోట మిట్ట, ఒకచోట పల్లం. ఆ పల్లంలో నడుము పడితే పొద్దున లేవలేరు.

ఆ గుంటను సామానుతోనే నింపవచ్చు. బియ్యం సంచి, బట్టల సంచులు, వంట సామాను డబ్బా, వీటిని గట్టివి కిందికి, మెత్తనివి పైకి వచ్చేలా సీటు ఎత్తు వరకు పేర్చాలి. ఖాళీలు ఉండకూడదు, రాత్రి కుంగిపోతాయి. దానిమీద అర అంగుళం మందం ప్లైవుడ్ పలక వేయాలి. ఒకే పెద్ద పలక తలుపులోనుండి పోదు గనుక రెండు ముక్కలు చేయించి, మధ్యలో మడతబందులు వేయించుకోవాలి. వడ్రంగికి చెప్పేటప్పుడు కొలత నోటిమాటగా చెప్పకండి, బండినే తీసుకొనిపోండి. పలక అంచులు గుండ్రంగా చెక్కించాలి. లేకపోతే సీటు గుడ్డ చిరుగుతుంది, పిల్లల మోకాళ్లు గీసుకొంటాయి. సంచులమీద ఆధారపడటం ఇష్టం లేకపోతే పలకకు నాలుగు పొట్టి కాళ్లు బిగించుకోవచ్చు. అప్పుడు సామాను కిందనే ఉంటుంది. మరొక సంగతి. సీటు వెనుక వైపుకు కొంచెం వాలి ఉంటుంది. చదునైన పలక దానికి సరిగా కలవదు. ఆ సందులో దుప్పటి మడిచి పెట్టాలి. చూడటానికి ఇది చిన్న పనే గాని నిద్రంతా దీనిమీదే ఆధారపడుతుంది.

పలకమీద ఏమి వేయాలి? మెదక్ ప్రాంతంలో డిసెంబరు చలి మనకు తెలియనిది కాదు. చాలామంది కప్పుకొనేవి ఎక్కువ తెచ్చుకొని, కింద వేసుకొనేవి తక్కువ తెచ్చుకొంటారు. ఇనుప రేకు కిందినుండి ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకని ముందు గోనెపట్టాలు గాని పాత పేపర్లు గాని పరచి, చాప వేసి, ఆపైన గొంగడి, దానిమీద పాత చీరల బొంత వేసుకోవాలి. గొంగడి కప్పుకోవడానికే అనుకొంటాము గాని కింద వేస్తే దాని విలువ తెలుస్తుంది. డబ్బు ఉన్నవారు పాతబస్తీలో పరుపులు కుట్టేవారి దగ్గర బండి కొలతకు దూది పరుపు కుట్టించుకోవచ్చు. రెండు అంగుళాల మందం చాలు. ఎక్కువైతే పైన కూర్చోవడానికి ఎత్తు చాలదు.

కాళ్లు చాచి పడుకోవడం సుఖం కోసమేనని ఎవరూ అనుకోవద్దు. 2004లో జపాను దేశంలో నీగాటా ప్రాంతాన భూకంపం వచ్చినప్పుడు, ఇండ్లలో ఉండటానికి భయపడి ఎంతోమంది కార్లలోనే రాత్రులు గడిపారు. గంటల తరబడి కాళ్లు ముడుచుకొని కూర్చొని నిద్రపోయినవారిలో కొందరికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి మరణించినవారున్నారు. 2016లో కుమమోటో భూకంపం తరువాత మళ్లీ అదే జరిగింది. మన ప్రయాణం ఒక రాత్రిదే గాని, వృద్ధులు, గర్భవతులు, స్థూలకాయులు, ఈమధ్య ఆపరేషను అయినవారు మన బండ్లలోనూ ఉంటారు. వారికి చదును పడకలో చోటు ఇవ్వాలి, నీళ్లు తాగించాలి. రాత్రి లేవవలసివస్తుందని మన తల్లులు నీళ్లు తాగడమే మానేస్తారు. అందుకనే బండిని దీపం ఉన్న చోట, మరుగుదొడ్డికి దగ్గరగా నిలపండి. నెలలు నిండుతున్న గర్భవతి ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. పసిబిడ్డను పలకకూ సీటుకూ మధ్య సందు దగ్గర గాని, ఇద్దరు పెద్దల దుప్పట్ల మధ్య గాని పడుకోబెట్టకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చలి అని ఇంజను నడిపించి, అద్దాలు మూసి పడుకోవద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తరువాత లేవరు. నిద్రలో ఉన్నవారికి ఆ తలనొప్పి కూడా తెలియదు. పాత బండ్ల నేలలో తుప్పు రంధ్రాలుంటాయి, సైలెన్సరు కారుతూ ఉంటుంది. నిలిచి ఉన్న బండిలో ఆ పొగ నేరుగా లోపలికే వస్తుంది. బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం కూడా ఇంతే ప్రమాదం. గ్యాసుతో నడిచే బండిలో వాసన ఏ మాత్రం వచ్చినా అందులో పడుకోవద్దు.

అద్దాలు పూర్తిగా మూయకుండా ఎదురెదురుగా రెండు అద్దాలు రెండు వేళ్ల సందు దించాలి. అయిదుగురి ఊపిరి తడి రాత్రంతా అద్దాలకు పట్టి, తెల్లవారేసరికి పైనుండి చుక్కలు రాలుతాయి, బొంతలు చెమ్మగిల్లుతాయి. ఆ సందుకు దోమతెర గుడ్డ తలుపు చట్రంలో ఇరికించి కట్టుకోండి. ఆడవారు ఉంటే మిగిలిన అద్దాలకు పాత చీరలే తెరలు.

పడక ఎవరికి అనే విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. ఒకసారి మా వీధిలో ఆగిన బండి దగ్గర చోట్లు పంచుతూ ఉన్నారు. డ్రైవరు పిల్లవాడు తువ్వాలు చుట్టుకొని స్టీరింగు ముందు ముడుచుకొని కూర్చున్నాడు. అతని సంగతేమిటని అడిగాను. “డ్రైవరే గద అయ్యగారూ, సీట్లనే పండుకుంటడు. మాకు ముసలోళ్లకు జాగ చాలు” అన్నది ఒక అవ్వ.

“అవ్వా, రేపు నీ మనుమరాండ్ల పానం ఎవరి చేతుల ఉంటది?” అన్నాను.

ఆమె కాసేపు ఊరుకొని, “అయితే నా బొంత గూడ ఆ పిలగానికే ఇయ్యిండ్రి” అన్నది. అల్లుడు లేచి చోటు ఇచ్చాడు.

డ్రైవరుకు మొదటి పడక అని నేను గట్టిగా చెబుతాను. అర్ధరాత్రి దాటిన తరువాత రెండు గంటల నుండి ఆరు గంటల వరకు మనిషి శరీరం నిద్రనే కోరుతుంది. టీ తాగినా, ముఖం కడుక్కొన్నా, పాట పెట్టినా అది తీరదు. పగలంతా నడిపి, రాత్రి కూర్చొని కునికి, ఆరాధన అవగానే తిరుగు ప్రయాణం కట్టే డ్రైవరు కళ్లు తెరిచే నిద్రపోతాడు. అతడు జీతగాడనీ, లేదా మన అన్యమత సహోదరుడు గనుక ఆరాధనకు రాడు, అప్పుడు పడుకొంటాడులే అనీ అనుకోవడం క్రైస్తవ కుటుంబానికి తగదు. జనసమూహం మైకుల మధ్య ఆ సమయంలో నిద్ర ఎక్కడిది? అతనికి కనీసం ఆరు గంటలు కాళ్లు చాచుకొనే చోటు, చెవులకు గుడ్డ, వేడి అన్నం ఇవ్వండి. అది కుదరకపోతే ఎండ పైకెక్కేదాకా ఆగి, అతడు నిద్ర లేచిన తరువాతనే బయలుదేరండి.

గలిలయ సముద్రంలో తుపాను లేచిన రాత్రి ప్రభువు దోనెలో నిద్రించిన సంగతి మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ వ్రాశారు. ఆయన తల కింద తలగడ ఉన్నదని వ్రాసినది మార్కు ఒక్కడే, నాలుగవ అధ్యాయంలో. అది ఎవరు తెచ్చారో, జాలరి దోనెలో తలగడ ఎందుకున్నదో అతడు చెప్పలేదు. పగలంతా జనులకు బోధించి అలసిన వానికి ఎవరో దానిని అందించి ఉంటారని నాకు తోస్తుంది. ఏలీయా బదరీ వృక్షం కింద నిరాశతో పడుకొన్నప్పుడు కూడా దేవదూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. రాత్రంతా మేలుకొని కష్టపడితేనే భక్తి అనే తలంపు మనలో కొందరికున్నది. జాగరణ ప్రార్థనలు నేనూ నడిపిస్తాను. అయితే ఆ మరుసటి ఉదయం ఎవరినీ బండి నడపనివ్వను.

ఉదయం బయలుదేరే ముందు పలక తీసి, మడిచి, సీటు కింద గాని వెనుక గాని తాడుతో బిగించి కట్టాలి. పడక అలాగే ఉంచి పిల్లలను దానిమీద పడుకోబెట్టి ప్రయాణం చేస్తే, ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు వారు ముందు అద్దానికి కొట్టుకొంటారు. నడిచే బండిలో సీటు, బెల్టు తప్ప వేరే చోటు లేదు. ఎండాకాలంలో ఇదే పడక మీద పిల్లలను పగటిపూట నిద్రపుచ్చి తలుపులు మూసి పోవద్దు. నిలిచిన బండి లోపల కొద్ది నిమిషాల్లోనే పొయ్యి వలె కాగుతుంది.

మా సంఘంలో రెండు పలకలు చేయించి మందిరం వెనుక గోడకు ఆనించి ఉంచాము. ఒకటి ఓమ్ని కొలత, ఒకటి సుమో కొలత. క్రిస్మసుకు గాని, ఆసుపత్రిలో ఉన్న తమవారి కోసం బండిలో రాత్రి గడపడానికి గాని ఎవరైనా తీసుకొనిపోవచ్చు. తిరిగి తెచ్చినప్పుడు తుడిచి పెట్టమంటున్నాము, అంతే. ఈ సంవత్సరం ఇరవై రెండు, ఇరవై మూడు తేదీలకు ఇప్పటికే అడిగినవారున్నారు.