కొత్త గడియారానికి పాత వయస్సు

చవక చేతిగడియారాన్ని పాతకాలపుదిగా మలచడం కష్టమైన విద్య కాదు. తెల్లని డయల్‌పై చిక్కని టీ డికాషన్ పలుమార్లు పూసి ఆరనిచ్చి, అంకెల మీది మెరుపు రంగులో కొంచెం గోధుమవర్ణం కలిపి, ఉబ్బెత్తు ఆక్రిలిక్ అద్దం, తోలుపట్టీ అమర్చితే మన పెద్దల హెచ్.ఎం.టి. గుర్తుకు రాకమానదు. సెకన్ల ముల్లు మాత్రం గుట్టు విప్పుతుంది. బ్యాటరీతో నడిచేది సెకనుకొక గెంతు వేస్తుంది. కీ ఇచ్చే పాత గడియారాలలో సాధారణంగా ఐదు చిన్న అడుగులు పడతాయి.

చీకటి మరొక సాక్షి. గత శతాబ్ది పూర్వార్ధంలో అంకెలకు రేడియం, జింక్ సల్ఫైడ్ కలిపిన రంగు పూసేవారు. రేడియం వెలువరించే ఆల్ఫా కణాల తాకిడికి జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాలకే చెడి, వెలుగు ఆరిపోతుంది. రేడియం అర్ధాయువు మాత్రం సుమారు 1600 సంవత్సరాలు! కనుక అసలైన ముసలి అంకె వెలగదు గాని, గైగర్ కౌంటర్‌ను టకటకలాడిస్తుంది. నకలు వెలుగుతుంది, కౌంటర్‌ను కదిలించదు. ఈ అర్ధాయువును 1900 ప్రాంతంలో థోరియం వాయువులో గుర్తించినవాడు మన నెల్సన్ సమీపాన 1871లో జన్మించిన రూథర్‌ఫర్డ్. వంద డాలర్ల నోటు మీది ఆ పెద్దమనిషే.

అందుచేత సంతలో కొన్న నిజమైన పాత గడియారాన్ని విప్పి గీకరాదు. రాలిన రేడియం ధూళి శరీరంలో ప్రవేశిస్తే ఎముకలలో స్థిరపడుతుంది. కుంచె మొనను పెదవులతో సన్నబరచుకొంటూ అంకెలు దిద్దిన అమెరికా యువతులు అనేకులు 1920లలో ఈ విధంగానే అసువులు బాసారు.