కరెంటు నిల్వకూ తరుగు, అద్దె తప్పవు

పంటకాలంలో సరుకు కొని గిడ్డంగిలో వేసి, ధర పలికినప్పుడు అమ్మడం వర్తకులకు కొత్త కాదు. బ్యాటరీలో కరెంటు నిల్వ చేయడమూ ఈ కోవలోదే. పగలు చౌకగా దొరికే యూనిట్లు నింపుకొని, సాయంత్రం హెచ్చు రేటు వేళ వాడుకోవాలి. తరుగు, వడ్డీ పోగా మిగిలేదెంత అన్నదే ప్రశ్న.

విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2023లో సవరించింది. వాటి ప్రకారం ఎండ వేళల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా వుండాలి. గిరాకీ హెచ్చుగా వుండే వేళల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 20 శాతం ఎక్కువగా వుండాలి. వేళలు, రేట్లు ఖరారు చేసేది రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండలులు. కనుక ముందుగా చూసుకోవలసింది ఎవరి బిల్లు వారే.

మామూలు రేటు యూనిట్‌కు రూ. 8 అనుకుందాం. పగటి రేటు రూ. 6.40, సాయంత్రపు రేటు రూ. 9.60 అవుతాయి. 100 యూనిట్లు నింపడానికి రూ. 640 పడుతుంది. తరుగు 12 శాతం అనుకుంటే చేతికి వచ్చేవి 88 యూనిట్లు. సాయంత్రం వాటి విలువ రూ. 844.80. పైకి రూ. 3.20గా కనిపించిన తేడా, వాడిన యూనిట్‌కు రూ. 2.33కు దిగింది. రోజుకు 10 యూనిట్ల చొప్పున 300 రోజులు వాడితే ఏడాదికి మిగిలేది సుమారు రూ. 7 వేలు. ఆ బ్యాటరీకి లక్ష రూపాయలు పెడితే 10 శాతం చొప్పున వడ్డీయే రూ. 10 వేలు. అంటే రేట్ల తేడా ఒక్కదాన్నే నమ్ముకుంటే నష్టమే. డీజిల్ జనరేటరు ఖర్చు తగ్గే చోట, లేదా మేడమీది సౌర పలకల కరెంటు తక్కువ రేటుకు పోతున్న చోట లెక్క అనుకూలిస్తుంది.

బ్యాటరీ సైజును సాయంత్రపు వాడకాన్ని బట్టి నిర్ణయించాలి. గిడ్డంగి పెద్దదైనంత మాత్రాన లాభం రాదు. రోజూ నిండి ఖాళీ కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సుమారు సగం నిల్వ వరకే వాడటం మంచిది. లిథియం రకంలో అంతకంటే చాలా ఎక్కువ వాడుకోవచ్చు. ఎండ తగిలే రేకుల షెడ్డులో పెడితే ఏ రకమైనా ఆయుష్షు తగ్గుతుంది.

వీధికంతటికీ ఒకే బ్యాటరీ పెట్టే పద్ధతీ వుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మెడో స్ప్రింగ్స్‌లో 2018లో 420 యూనిట్ల బ్యాటరీ నెలకొల్పారు. అందులో 52 ఇళ్లకు 8 యూనిట్ల చొప్పున చోటు ఇచ్చి, రోజుకు ఒక డాలరు అద్దె పెట్టారు. ఎనిమిదీ వాడుకున్నవారికి యూనిట్‌కు 12.5 సెంట్లు పడితే, నాలుగే వాడినవారికి 25 సెంట్లు పడుతుంది. ఖాళీ చోటుకూ అద్దె తప్పదన్న మాట. మన దేశంలో ఢిల్లీలోని రాణీబాగ్‌లో 2021లో 528 యూనిట్ల ఉమ్మడి బ్యాటరీ ఏర్పాటైంది. దుకాణదారుల సంఘాలు ఈ మార్గం పట్టదలిస్తే ఎవరి వాటా ఎంత, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

కొనే సమయమూ ముఖ్యమే. చైనాలో లిథియం కార్బొనేట్ 2022 నవంబరులో టన్ను 6 లక్షల యువాన్ల దరిదాపులకు ఎగబాకి, 2023 ఆఖరుకు లక్ష యువాన్ల స్థాయికి పడిపోయింది. పాత కొటేషన్ల మీద బేరం కుదుర్చుకోరాదు. గ్యారంటీ ఎన్నేళ్లు, గడువు చివర నిల్వ సామర్థ్యం ఎంత శాతం మిగులుతుంది అన్నవి రాతపూర్వకంగా తీసుకున్నాకే బయానా ఇవ్వడం శ్రేయస్కరం.