రెక్కల కష్టం కూడా ప్రేమే

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల చర్చీల్లో పదేపదే వినిపించే ఆజ్ఞ ఒకటుంది: దేవుణ్ణి పూర్తిగా ప్రేమించాలి. ఆజ్ఞలన్నిటిలో ఏది ముఖ్యమని ఒక శాస్త్రి అడిగితే యేసు చెప్పిన జవాబు ఇది. మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఉంది. హృదయం, ఆత్మ, వివేకం, బలం అని అక్కడ నాలుగు మాటలు కనిపిస్తాయి. దీనికి మూలమైన ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఉన్నవి మూడే. వివేకం మార్కులో కొత్తగా చేరింది. ఆలోచించడం భక్తికి అడ్డు అనుకునేవాళ్లు దాన్ని గమనించాలి.

నాకు మాత్రం బలం అనే మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. ద్వితీయోపదేశకాండంలో ఆ చోట ఉన్న హీబ్రూ మాటకు 'మిక్కిలి' అని అర్థం. కొందరు యూదు పండితులు దానికి 'ఆస్తి' అని కూడా అర్థం చెప్పారు. అంటే ఒంట్లో సత్తువ, చేతిలో డబ్బు, పొద్దంతా చేసే పని, అన్నీ అందులోకి వస్తాయి.

ఈ నేల మీద ఆ మాటకు మరింత బరువుంది. మెనోనైట్ బ్రదరెన్ శాఖకు చెందిన అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఈ సీమలో సువార్తను అందుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. నిజాం రాజ్యంలో వాళ్ల రెక్కల మీద హక్కు దొరది. కూలి లేకుండా వెట్టి చేయించుకునే రోజులవి. అలాంటి మనిషితో నీ బలమంతా దేవునికివ్వు అంటే, ఆ బలం నీదే, దొరది కాదు అని చెప్పినట్టే. అంతమాత్రాన వెట్టి పోలేదు. దాన్ని తెంచడానికి 1940ల్లో ఇదే నల్లగొండలో రైతులు, కూలీలు ఆయుధాలు పట్టవలసి వచ్చింది.

వైద్యురాలు కాథరీనా షెలెన్‌బర్గ్ 1907లో అమెరికా నుంచి వచ్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తి వంటి చోట్ల రోగులను చూసింది, 1945లో శంషాబాద్‌లో కన్నుమూసింది. ఆమె బలం మందులు కలపడంలో, రోగుల మంచాల పక్కన ఖర్చయింది. లూకా సువార్తలోని సమరయుడు చేసిందీ అదే. దెబ్బలు తిన్నవాడికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన పశువు మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్లవాడికి తన డబ్బే ఇచ్చాడు.

బలాన్ని అలా ఇవ్వడానికి డాక్టరు కానవసరం లేదు. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే అలవాటుంది. వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోయకముందే ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. కూలి దొరకని వారంలోనూ వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్తుంది.