దూరస్థులైన ఇరువురు వ్యాఖ్యాతలు: ప్రత్యక్ష ప్రసారమునకు ధ్వనిగది ఏర్పాటు

చెన్నపట్టణమునకు ఉత్తర భాగమున నున్న వాషర్‌మెన్‌పేట్‌ను తమిళులు వణ్ణారప్పేట్టై యందురు. పాతకాలపు తెలుగువారి నోట అది చాకలిపేట. కుంపిణీ వారి ఎగుమతి బట్టలను ఉతికి చలువ చేయువారు నివసించిన తావగుటచే దానికి ఆ పేరు కలిగినది. తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి (1852–1925) పేర వెలసిన కళాశాల యిచటనే కలదు. ఈ పేట సరిహద్దున, రాయపురములో, రాబిన్సన్ పార్కు కలదు. 1949లో ద్రావిడ మున్నేట్ర కళగము ప్రారంభసభ జరిగిన చోటుగా దానిని అందఱు నెఱుగుదురు. కాని అంతకు సుమారు ఇరువది యేండ్లకు పూర్వమే ఆ తోటలో మఱియొక వింత జరిగినది. దూరమున నెచటనో పాడుచున్న వారి కంఠమును జనులు గడ్డిమీద కూర్చుండి వినిరి.

ఆ కథ 1924లో మొదలయినది. ఆ సంవత్సరము మే 16న సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిరి. జులై 31న ప్రసారము లారంభమయ్యెను. ధనాభావమువలన 1927లో క్లబ్బు మూతపడగా, దాని ప్రసారయంత్రము నగరపాలక సంస్థ వశమై, 1930 ఏప్రిల్ 1 నుండి క్రమముగా పనిచేసెను. ఇంటింట రేడియో లేని కాలమది. అందుచే మెరీనా తీరమునను, రాబిన్సన్ పార్కు వంటి ఉద్యానములలోను లౌడ్‌స్పీకర్లు నెలకొల్పిరి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసినది. ఆ కేంద్రము నుండియే రేడియో అన్నయ్యగా న్యాయపతి రాఘవరావుగారును, రేడియో అక్కయ్యగా కామేశ్వరిగారును తెలుగు పిల్లలకు పరిచితులైరి. ఇరువురు కలిసి ఒక కార్యక్రమమును నడపుటకు తెలుగువారికి అదియొక మేలిమి మాదిరి. అయితే వారిరువురు కూర్చున్నది ఒక్క గదియే; ఒకరి చూపు నొకరు కనిపెట్టి మాటలాడుట వారికి సాధ్యమయ్యెను.

నేటి సంఘముల పరిస్థితి వేఱు. ఉగాది సభకు ఒక వ్యాఖ్యాత వాషర్‌మెన్‌పేట్‌లో నుండును, రెండవవారు న్యూజెర్సీలోనో, కౌలాలంపూరులోనో, మారిషస్‌లోనో యుందురు. యూట్యూబు ద్వారమున సభ లోకమంతటికి ప్రసారమగును. ఇది కేవలము సరదా పని కాదు. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత పాఠశాలలలో తెలుగు స్థానము సన్నగిల్లినది. ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు చదువలేని పిల్లలు ఉత్తర చెన్నైలో పెరుగుచున్నారు. అట్టివారికి సంఘముల సంచికలు చేరవు. వినబడు మాట మాత్రమే చేరును. ఆ మాట గరగరలతోను, ప్రతిధ్వనులతోను వినబడినచో వారు రెండు నిమిషములలో వెడలిపోదురు. కాబట్టి ఇరుతావుల కంఠములను శుభ్రముగ కలుపు విధానము నెఱుగుట అవసరము.

మొట్టమొదట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. వ్యాఖ్యాతలు పరస్పరము వినుటకు ఒక త్రోవ, శ్రోతలు వినుటకు మఱియొక త్రోవ. ఈ రెంటిని కలిపివేయుటయే తఱచుగా జరుగు పొరపాటు. యూట్యూబు ప్రసారము శ్రోతకు చేరునప్పటికి కొన్ని సెకనులు మొదలు అరనిమిషము వఱకు ఆలస్యము కావచ్చును. రెండవ వ్యాఖ్యాత ఆ ప్రసారమును వినుచు బదులు చెప్పబూనినచో, ఇచట అధ్యక్షోపన్యాసము సాగుచుండగా అచట నుండి ప్రార్థనాగీతమునకు ప్రశంస వినవచ్చును. అందుచే వ్యాఖ్యాతలకు వేఱుగా ఒక ధ్వనిగది యుండవలెను. డిస్కార్డు, మంబుల్, జిట్సీ మొదలగు సాఫ్ట్‌వేరులు ఇందులకు పనికివచ్చును. వీనిలో మాట ఒక సెకనులో నాలుగవ వంతుకు లోపుననే చేరగలదు. వ్యాఖ్యాత తన యింట ప్రసారమును తెఱచి చూచినను, దాని శబ్దమును పూర్తిగా మూసివేయవలెను.

ఆ నాలుగవ వంతు కూడ తక్కువది కాదు. సంభాషణలో ఒకరి మాట ముగిసిన పిదప మఱియొకరు అందుకొనుటకు పట్టు వ్యవధి సగటున సెకనులో ఐదవ వంతు మాత్రమేయని భాషా పరిశోధకులు కనుగొనిరి. చెన్నైకి, న్యూజెర్సీకి నడుమ దూరము 13,000 కిలోమీటర్లకు పైబడినది. గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనించును. తీగ తిన్నగా నున్నదనుకొన్నను 65 మిల్లీసెకనులు దారిలోనే గడచును. తీగ వంకరలు, యంత్రముల పని దీనికి అదనము. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకనులకు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సలహా. ఏ సాఫ్ట్‌వేరును వాడినను భూగోళము కుదించుకొనదు.

బుఱ్ఱకథ నెఱిగిన వారికి ఈ చిక్కు సులభముగ బోధపడును. కథకునికి ఇరుప్రక్కల రాజకీయుడు, హాస్యగాడు నిలిచి, పాదము ముగిసిన క్షణముననే ‘తందాన’ యని అందుకొందురు. ఆ అందుకోలు తాళములో పడకున్న కథ చచ్చును. వేఱువేఱు దేశముల నుండి ఇట్టి వంత పాడింపబూనుట వ్యర్థము. పాట ఒకచోటనే పాడవలెను. మాట మాత్రమే రెండు చోట్ల నుండి నడపవలెను. కార్యక్రమ నిర్ణయము చేయు వేళనే సంఘ కార్యదర్శులు ఈ సంగతి మఱవకుండుట మంచిది.

ఇక ఏ సాఫ్ట్‌వేరును ఎన్నుకొనవలెనను ప్రశ్న. 2015లో వెలువడిన డిస్కార్డు నేర్చుటకు సులువు. స్వంత సర్వరుయంత్రము అక్కఱలేదు. 2005 నాటి మంబుల్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఆలస్యము మిక్కిలి తక్కువ. కాని సర్వరును సంఘమువారే నడుపుకొనవలెను, లేదా అద్దెకు తీసికొనవలెను. మొబైలు డేటాపై నడచు ఇంటి కంప్యూటరునకు బయటివారు నేరుగా చేరగల చిరునామా సాధారణముగ నుండదు గావున, అద్దె సర్వరే ఉత్తమము. దాని 64738 అను ద్వారసంఖ్యను టి.సి.పి., యు.డి.పి. రెంటికిని తెఱచియుంచవలెను, రెండవది మూసియున్నచో మాట చేరును గాని తడబడుచు చేరును. కంప్యూటరు తెలియని పెద్దలకు జిట్సీ మేలు: బ్రౌజరులో లంకెను నొక్కిన చాలును. 2023 ఆగస్టు నుండి దాని ఉచిత వేదికపై గదిని తెఱచువారు మాత్రము ఖాతాతో ప్రవేశింపవలసి యున్నది. అతిథులకు ఆ నిర్బంధము లేదు.

ఈ మూడును మాటను ఓపస్ అను పద్ధతిలో కుదించి పంపగలవు. 2012లో ప్రమాణముగ ఆమోదింపబడిన ఈ పద్ధతి సెకనునకు 6 కిలోబిట్ల నుండి 510 కిలోబిట్ల వఱకు పనిచేయును. సంభాషణకు 64 కిలోబిట్లు పుష్కలము. గంటకు ఒక దిక్కున ఖర్చగునది ఇంచుమించు 29 మెగాబైట్లు. 3,000 కిలోబిట్ల వేగమున దృశ్యమును యూట్యూబునకు పంపువారికి అదే గంటలో 1.35 గిగాబైట్లు వ్యయమగును. కాబట్టి ఇంటర్నెట్టు బలముగా నున్న వ్యాఖ్యాతయే ప్రసారభారమును వహింపవలెను. రెండవవారికి సామాన్యమైన ఫోను సంబంధము చాలును.

ప్రసారము చేయువారు సాధారణముగ ఓబీయస్ అను ఉచిత సాఫ్ట్‌వేరును వాడుదురు. అందు తమ మైకును ఒక మూలముగ చేర్చవలెను. ధ్వనిగది కంఠమును వేఱొక మూలముగ చేర్చవలెను. విండోసు కంప్యూటరులో, 28వ కూర్పు మొదలుగా, ఒక్క అప్లికేషను శబ్దమునే వేఱుగా పట్టు సౌకర్యము దానిలో కలదు. ఇట్లు చేసిన పిదప ‘డెస్క్‌టాప్ ఆడియో’ను తప్పక ఆపివేయవలెను. ఆపనిచో దూరపు వ్యాఖ్యాత కంఠము రెండు మార్గముల వచ్చి, నూతిలో నుండి పలికినట్లు బోలుగా వినబడును. ఫోను సందేశముల గంటలు కూడ సభలో మ్రోగును.

ప్రతిధ్వనికి మూలము సామాన్యముగ లౌడ్‌స్పీకరే. ఒకరి లౌడ్‌స్పీకరు నుండి వెలువడిన మాట వారి మైకులోనే దూఱి తిరిగి చెప్పినవారినే చేరును. ఇరువురును హెడ్‌ఫోనులు ధరించినచో ఈ బాధ తొమ్మిది పాళ్లు తీఱును. మిగిలిన పాలు పాటలు వినిపించునపుడు ఎదురగును. దూరపు వ్యాఖ్యాతకు కూడ పాట వినిపింపవలెనన్న, కల్పిత తీగ యనదగు సాఫ్ట్‌వేరు ద్వారా మైకును, పాటను కలిపి ధ్వనిగదికి పంపుదురు. ఆ మిశ్రమములో ఆయన కంఠము మాత్రము చేరరాదు. ఎవరికి పంపుచున్నామో వారి మాటను మినహాయించి మిగిలిన దెల్ల పంపవలెనను నియమమును రేడియో కేంద్రములవారు చిరకాలముగా పాటించుచున్నారు.

వాషర్‌మెన్‌పేట్‌కు ప్రత్యేకమైన బాధ యొకటి కలదు: సద్దు. ఎం.సి. రోడ్డు జవుళి దుకాణముల పిలుపులును, బండ్ల హారనులును మూసిన కిటికీని లెక్కచేయవు. సద్దు నణచు సౌకర్యము ఈ సాఫ్ట్‌వేరులలో నున్నది. ఉపన్యాసమునకు దానిని నిశ్చింతగా వాడవచ్చును. కాని ఆ యంత్రమునకు తంబురా శ్రుతియు ఎడతెగని సద్దుగానే తోచును. పాట మొదలగునపుడు దానిని ఆపనిచో శ్రుతి మాయమై, గాయకుని కంఠము ముక్కలు ముక్కలుగా తెగును. ఈ పని యొక్కటి మఱచుటచే చెడిన కచేరీలు తక్కువ కావు.

అట్లే మైకు తెఱచుకొను విధము. మీట నొక్కినపుడే మాట పోవునట్లు అమర్చుట ఆటలాడువారికి తగును గాని సభకు తగదు. తెలుగు సంభాషణకు ‘ఊఁ’ కొట్టుట ప్రాణము. కథ చెప్పువారు ఊఁకొట్టువారి కోసమే చెప్పుదురు. మీటగాని, హెచ్చు మేరకు అమర్చిన శబ్దపరిమితిగాని ఆ మెల్లని ‘ఊఁ’ను మ్రింగివేయును. నిశ్శబ్దపు గదిలో కూర్చుండి మైకును తెఱచియే యుంచుట శ్రేయస్కరము. గది నిశ్శబ్దము కానిచో పరిమితిని తగ్గించి పెట్టవలెను.

పరిశోధకులకు అన్నిటికంటె ముఖ్యమైన దొకటి మిగిలియున్నది. చెన్నై తెలుగు యాసను పలుకు వృద్ధులు ఈ సభలలో మాటలాడుచున్నారు. ఇరువురి మాటలు ఒక్క పొరలో కలిసి నమోదైనచో, ఒకరిపై నొకరు పలికిన చోట్ల ఎవరి ఉచ్చారణ యెట్టిదో తరువాత తేల్చుట దుర్లభము. ఓబీయస్ ఆఱు పొరల వఱకు వేఱువేఱుగా నమోదు చేయగలదు. మంబుల్ గదిలోని ప్రతి వ్యక్తి కంఠమును ఒక్కొక్క ఫైలుగా భద్రపఱుపగలదు. వీనికి తోడు దూరపు వక్త తన ఫోనులోనే తన మాటను నమోదు చేసికొనినచో, దారిలో తెగిన పలుకులు కూడ దక్కును. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి బాపట్ల చెంత తీరము దాటినపుడు విద్యుత్తు, ఫోనులు ఎన్నో పేటలలో స్తంభించెను. అట్టి వేళ ప్రసారము నిలిచినను ఫోనులోని నమోదు నిలుచును.

సమయ నిర్ణయమందు గూడ జాగ్రత్త వలయును. చెన్నైలో ఆదివారము సాయంకాలము 7 గంటలగునపుడు మారిషస్‌లో 5.30, కౌలాలంపూరులో రాత్రి 9.30. న్యూజెర్సీలో శీతకాలమున ఉదయము 8.30, వేసవిలో 9.30. ఆ మార్పు మార్చిలో రెండవ ఆదివారమునను, నవంబరులో మొదటి ఆదివారమునను జరుగును. ఉగాది సభ మార్చి నెలాఖరున నున్నచో, ఫిబ్రవరిలో పంపిన ఆహ్వానములో న్యూజెర్సీ వేళను ఒక గంట ముందునకు జరిపి వ్రాయవలెను.