అమరం మీది ఇంజన్

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ రేవుల్లో పొద్దున్నే బయల్దేరే స్పీడ్‌బోట్లను చూసే అవకాశం వస్తే, ముందుండే అణియం వైపు కాదు, వెనక అమరం వైపు చూడండి. రెండో మూడో ఇంజన్లు పడవకు వెలుపల వేలాడుతూ కనిపిస్తాయి. ఒక్కోటి 200 నుంచి 300 హార్స్‌పవర్. అక్కణ్ణుంచి ఫిఫీ దీవులు సుమారు 45 కిలోమీటర్లు. పెద్ద ఫెర్రీకి దాదాపు రెండు గంటలు పట్టే ఆ దూరాన్ని ఈ పడవ గంట లోపే దాటుతుంది. ఒక కుటుంబం పడవ మొత్తాన్ని అద్దెకు తీసుకుని, ఒకే పగటిలో మూడు నాలుగు దీవుల్లో దిగి, కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని పగడాల మీద ఈదులాడి, చీకటి పడకముందే ఒడ్డుకు చేరుకోవడం ఈ ఇంజన్ వల్లే వీలైంది. దీన్ని ఔట్‌బోర్డ్ మోటార్ అంటారు. నావికుడు కాని మనిషిని కూడా సముద్రం మీదికి తీసుకెళ్లిన యంత్రం ఇదే. ఓడల చరిత్రల్లో దీనికి దక్కిన చోటు మాత్రం చాలా తక్కువ.

అసలు పడవ వేగంగా పోవడం ఎందుకంత కష్టం? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవాడు 19వ శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజనీరు విలియం ఫ్రూడ్. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుతో సమానమయ్యే సరికి పడవ అణియం ఒక శిఖరం మీద, అమరం తర్వాతి శిఖరం మీద ఉంటాయి; వేగం ఇంకా పెరిగితే అమరం పల్లంలోకి జారుతుంది. అక్కణ్ణుంచి పడవ తాను పుట్టించిన అలనే ఎక్కడానికి పెనుగులాడుతూ ఉంటుంది. పది మీటర్ల పడవకు ఈ హద్దు గంటకు సుమారు 14 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. ఆపైన ఎంత ఇంధనం పోసినా వేగం పెరిగేది కొంచెమే.

ఈ హద్దు దాటడానికి ఒక దారి: నీటిని చీల్చడం మానేసి నీటి మీద జారడం. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించిన ప్రతి పిల్లవాడికీ ఈ సూత్రం చేతికి తెలుసు. పడవ అడుగు కాస్త ఏటవాలుగా, తగినంత వేగంతో నీటిని తాకితే, నీరు దాన్ని పైకి నెడుతుంది. పడవ బరువులో ఎక్కువ భాగాన్ని ఆ నెట్టుడే మోస్తుంది, ములిగి ఉండే భాగం తగ్గిపోతుంది. 1870ల్లోనే రేమస్ అనే ఇంగ్లిష్ మతగురువు ఇలాంటి పడవ కట్టవచ్చని బ్రిటిష్ నౌకాదళానికి ప్రతిపాదించాడు. ఆలోచన తప్పు కాదు. కానీ పడవను నీటి మీదికి లేపగలిగేంత తేలికైన ఇంజన్ అప్పటికి భూమ్మీద లేదు. ఆవిరి యంత్రం, బాయిలరు, బొగ్గు కలిసి దాన్ని నీళ్లలోకే తొక్కిపట్టేవి. కాబట్టి స్పీడ్‌బోటు కథంటే నిజానికి బరువు తగ్గించడం కోసం జరిగిన పోరాటం.

విప్పి పట్టుకుపోగలిగే పడవ ఇంజన్ మొదట పారిస్‌లో కనిపించింది. 1881లో గుస్తావ్ ట్రూవే అనే ఫ్రెంచి ఇంజనీరు చుక్కానికే చిన్న విద్యుత్ మోటారు బిగించి సీన్ నదిలో పడవ నడిపాడు. ఈ యంత్రం కరెంటుతో పుట్టి, తర్వాత వందేళ్లు పెట్రోలు తాగి, ఇప్పుడు మళ్లీ బ్యాటరీల వైపు చూస్తోందన్నమాట. ఆ తర్వాత అమెరికాలో కామెరన్ వాటర్‌మన్ అనే యువకుడు 1905 ప్రాంతంలో మోటార్‌సైకిల్ ఇంజన్ లాంటిదాన్ని పడవ అమరానికి తగిలించి నడిపి, పేటెంటు సంపాదించి, వేల సంఖ్యలో అమ్మాడు.

అయినా లోకానికి గుర్తున్న పేరు ఓలె ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాలోని విస్కాన్సిన్‌కు వచ్చిన రైతుబిడ్డ; యంత్రాల షాపుల్లో పని నేర్చినవాడు. 1906 వేసవిలో ఒకాచీ అనే సరస్సు దగ్గర వనభోజనానికి వెళ్లినప్పుడు, తర్వాత తన భార్య అయిన బెస్ ఐస్‌క్రీమ్ అడిగిందని అవతలి ఒడ్డుకు తెడ్లు వేసుకుంటూ వెళ్లాడనీ, తిరిగొచ్చేసరికి ఎండకు అది కరిగిపోయిందనీ, ఇంజన్ ఆలోచన అప్పుడే తట్టిందనీ చెబుతారు. కథ బాగుంది. కానీ నా దృష్టిలో బెస్ పాత్ర ఐస్‌క్రీమ్ అడగడం దగ్గర ఆగిపోకూడదు. ఇనుము, ఇత్తడితో చేసిన ఆ ఇంజన్ 1909లో నీళ్లలో దిగి పనిచేశాక, లెక్కలు చూసిందీ, ఉత్తరాలు రాసిందీ, తెడ్లు అవతల పారేసి ఇంజన్ పెట్టుకోమని జనానికి చెప్పే ప్రకటన రాసిందీ ఆమే. ఆ ప్రకటనే వ్యాపారాన్ని నిలబెట్టింది. కాలక్షేపానికి సరస్సుల్లో తిరిగేవాళ్లే కాదు, స్కాండినేవియా జాలరులూ ఆ ఇంజన్లు తెప్పించుకున్నారు.

బెస్ ఆరోగ్యం చెడితే ఓలె 1914 నాటికి తన వాటా భాగస్వామికి అమ్మేశాడు. అయిదేళ్లు ఔట్‌బోర్డ్ ఇంజన్లు తయారుచెయ్యనని ఒప్పందం. గడువు తీరాక అల్యూమినియం వాడి, రెండు సిలిండర్లతో, మునుపటికన్నా తేలికైన ఇంజన్ తెచ్చాడు. ఎల్టో అన్న దాని పేరు బెస్ పెట్టిందే. చివరికి 1929లో పాత కంపెనీ, కొత్త కంపెనీ ఒకటయ్యాయి. బెస్ 1933లో పోయింది, మరుసటి ఏడాదే ఓలె.

ఆ మొదటి ఇంజన్ బరువు సుమారు 28 కిలోలు, శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. అంటే ఒక్కో హార్స్‌పవర్‌కు 19 కిలోల లోహం మోయాలి. ఇవాళ ఫుకెట్ పడవల వెనకుండే 300 హార్స్‌పవర్ ఇంజన్ బరువు 300 కిలోలకు లోపే. ఒక హార్స్‌పవర్‌కు కిలో కూడా లేదు! రేమస్ కన్న కల నెరవేరింది ఈ లెక్క వల్లే.

లోపలి అమరిక మాత్రం ఎవిన్‌రూడ్ నాటిదే. పైన ఇంజన్ తల. దాని నుంచి నిట్టనిలువుగా కిందికి దిగే ఇరుసు. అడుగున పళ్లచక్రాలు ఆ తిరుగుడును అడ్డానికి మళ్లించి ప్రొపెల్లర్‌కు అందిస్తాయి. విడిగా చుక్కాని అక్కర్లేదు, ఇంజనే పక్కకు తిరుగుతుంది. ఇసుక ఒడ్డు దగ్గరపడితే దాన్ని పైకి ఎత్తేయవచ్చు. ప్రొపెల్లర్‌కు కొంచెం పైన ఒక పలక అడ్డంగా ఉంటుంది. పైనున్న గాలిని ప్రొపెల్లర్ లాక్కోకుండా అది ఆపుతుంది. గాలి చొరబడితే రెక్కలకు పట్టు దొరకదు; ఇంజన్ గోల పెడుతుంది, పడవ కదలదు. నీళ్లలో ఉండే భాగానికి జింకు లేదా అల్యూమినియం ముక్కలు బిగిస్తారు. ఉప్పునీరు ముందు వాటిని తినేస్తుంది, ఇంజన్‌ను వదిలేస్తుంది. ముక్కలు అరిగిపోతే మార్చుకోవడమే.

చల్లబరచడానికి సముద్రపు నీరే దిక్కు. లోపలుండే రబ్బరు చక్రం నీటిని పైకి తోడి, ఇంజన్ చుట్టూ తిప్పి బయటికి పంపుతుంది. అందులోంచి ఒక సన్నని ధార పక్కనుంచి చిమ్ముతూ ఉంటుంది. అనుభవమున్న సరంగు ఇంజన్ స్టార్ట్ చేయగానే చూసేది ఆ ధారనే. అది ఆగిందంటే ఏ ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ఉండవచ్చు. వెంటనే ఆపకపోతే ఇంజన్ నిమిషాల్లో కాలిపోతుంది.

తేలికైన ఇంజన్ వచ్చినా సముద్రం ఒప్పుకోలేదు. చదును అడుగున్న పడవ ప్రశాంతమైన సరస్సులో ఎగిరిపోతుంది గానీ, అలల మీద వెన్నెముకలు అదిరేలా కొట్టుకుంటుంది. దీనికి పరిష్కారం అమెరికన్ డిజైనర్ రేమండ్ హంట్‌ది: అణియం నుంచి అమరం దాకా అడుగును లోతైన వి ఆకారంలో, దాదాపు 24 డిగ్రీల వాలుతో ఉంచడం. హంట్ అలా చేసిన పడవను చూసి ముచ్చటపడిన డిక్ బెర్‌ట్రమ్ అనే ఆయన దాని పద్ధతిలోనే మోపీ అనే పడవ కట్టించి, 1960లో మయామీ నుంచి నసావు దాకా జరిగిన పందెంలో గాలివానను చీల్చుకుంటూ గెలిచాడు. ఆ తర్వాత సముద్రపు స్పీడ్‌బోట్లలో ఎక్కువ భాగం ఆ అడుగునే అనుసరించాయి. అయినా అల దెబ్బ పూర్తిగా పోదు. పడవ ఎగిరిపడేటప్పుడు ఎక్కువగా లేచి పడేది అణియమే. గర్భిణులనూ, నడుంనొప్పి ఉన్నవాళ్లనూ థాయ్ పడవలవాళ్లు వద్దనడానికి కారణం ఇదే. పెద్దవాళ్లు వెంట ఉంటే వెనక సీట్లలో కూర్చోబెట్టండి.

ఈ ఇంజన్ చేసిన పాపమూ చెప్పుకోవాలి. దశాబ్దాలపాటు ఔట్‌బోర్డ్ అంటే టూ-స్ట్రోక్. పెట్రోల్లోనే నూనె కలిపి పోసేవాళ్లు. కాలిన పొగ బయటికి పోయే దారి తెరిచి ఉండగానే కొత్త ఇంధనం లోపలికి వస్తుంది కనుక, పాతకాలపు ఇంజన్లలో పాతిక, ముప్పై శాతం దాకా ఇంధనం కాలకుండానే నేరుగా నీళ్లలోకి పోయేది. జపాన్‌లో సొయిచిరో హోండా నీటి మీద నడిచే యంత్రం ఆ నీటిని పాడుచేయకూడదని పట్టుపట్టాడు. 1964లో ఆయన కంపెనీ తన మొదటి ఫోర్-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ తెచ్చింది. అప్పట్లో బరువెక్కువ, ధర ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. 1996లో అమెరికా కాలుష్య నియమాలు తెచ్చాక చాలా కంపెనీలకు క్రమంగా అదే బాట పట్టక తప్పలేదు. టూ-స్ట్రోక్‌నే శుభ్రం చేయాలని చివరిదాకా ప్రయత్నించిన ఎవిన్‌రూడ్ పేరిట ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది.

మోత సంగతి ఇంకా తేలాల్సి ఉంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజర్డ్ దీవి దగ్గర పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మోటారు పడవల చప్పుడున్నప్పుడు పిల్ల డామ్‌సెల్ చేపలు వేటచేపలకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు చిక్కాయి. అదే చోట తర్వాత చేసిన పరిశీలనలో పాత టూ-స్ట్రోక్ మోత కన్నా ఫోర్-స్ట్రోక్ మోత చేపలను తక్కువగా బెదరగొట్టింది.

ఔట్‌బోర్డ్‌కు నాటు బంధువులూ ఉన్నాయి. అండమాన్ సముద్రానికి అటు థాయ్‌లాండ్, ఇటు మన అండమాన్ దీవులు. థాయ్ జాలరులు వాహనాల ఇంజన్‌ను పడవ అమరం మీద కీలుకు బిగించి, దాని పొడవాటి ఇరుసు చివర ప్రొపెల్లర్ పెట్టి నడుపుతారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో ఫైబర్ పడవల వెనక కనిపించే పొడవాటి ఇరుసున్న డీజిల్ ఇంజన్లూ ఆ కుటుంబానివే. ఇసుక మీదికి పడవను లాగే చోట ఇరుసును అలా పైకెత్తుకోగలగడం పెద్ద సౌకర్యం. అండమాన్ రేవుల్లో స్థిరపడ్డ తెలుగు జాలరి కుటుంబాలకూ ఇది తెలిసిన పనే.

లోతులేని నీళ్లలోకీ పోగలగడం ఔట్‌బోర్డ్ గొప్ప గుణం. పగడాలకు వచ్చిన ముప్పూ అక్కడే. ఫిఫీ దీవుల్లో మాయా బే అనే చిన్న అఖాతం ఒక హాలీవుడ్ సినిమాలో కనిపించాక, 2000 తర్వాత జనం విరగబడ్డారు. రోజుకు 200 పడవలు, 5,000 మంది దాకా. ఇంజన్లు లేపిన ఇసుక పగడాలను కప్పేసింది, లంగర్లు వాటిని విరగ్గొట్టాయి. గుండ్రంగా పెరిగే కొన్ని జాతుల పగడం ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు. లంగరు ఒక్కసారి ఊడపెరికింది తిరిగి పెరగాలంటే ఒక తరం పడుతుంది. 2018 జూన్‌లో థాయ్ ప్రభుత్వం ఆ అఖాతాన్ని మూసేసింది. నాలుగు నెలలకని మూసినది 2022 జనవరి దాకా తెరవలేదు. ఈలోగా వేలకొద్దీ పగడపు కొమ్మలు నాటారు. నల్లకొనల సొరచేపలు ఆ లోతులేని నీళ్లకు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు లోపలికి రాకూడదు. దీవి వెనక కట్టిన తేలే రేవులో దిగి నడిచి వెళ్లాలి. ఏటా వర్షాకాలంలో కొన్నాళ్లు మళ్లీ మూసేస్తారు. కఠినమైన నిర్ణయం, సరైన నిర్ణయం. మన అండమాన్‌లోనూ జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఒకటి మార్చి ఒకటి తెరుస్తారు.

ఈ ఇంజన్ పగడాలకు శత్రువేమీ కాదని చూపే ఉపాయం ఒకటుంది. 1981లో అమెరికాలోని ఫ్లోరిడాలో జాన్ హలాస్ అనే సముద్ర జీవశాస్త్రజ్ఞుడు సముద్రపు అడుగు రాతిలో రంధ్రం చేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ దింపి, తాడుతో ఒక బోయాను, అంటే తేలే బంతిని, పైకి తేల్చాడు. వచ్చిన పడవ లంగరు వేయకుండా ఆ బోయాకు కట్టుకుంటే చాలు. ఈ పద్ధతి తర్వాత ఎన్నో దేశాల పగడపు దిబ్బలకు చేరింది.

ప్రయాణానికి ముందు పడవవాడిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. సరంగు మణికట్టుకో నడుముకో ఎర్రతాడు కట్టుకున్నాడా? అతను కింద పడితే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. లేకపోతే సరంగు లేని పడవ ఈదేవాళ్ల మీదికి గుండ్రంగా తిరిగి రావచ్చు. పెట్రోలు పోశాక అడుగుభాగంలో ఆవిరి నిలవకుండా గాలి పంకా తిప్పి, తర్వాతే స్టార్ట్ చేస్తున్నాడా? పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుక్కి చేరి నిప్పు కోసం కాచుకుంటుంది. మీరు నీళ్లలో దిగేటప్పుడు, తిరిగి నిచ్చెన ఎక్కేటప్పుడు ఇంజన్ పూర్తిగా ఆపుతాడా? న్యూట్రల్‌లో పెట్టడం ఆపడం కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో, మే నుంచి అక్టోబరు దాకా, సముద్రం బాగోలేదని అతను వెనక్కి తిప్పితే గొడవ పెట్టుకోకండి.

చివరి ప్రశ్న ముఖ్యమైనది: పగడాల దగ్గర పడవను బోయాకు కడతారా, లంగరు వేస్తారా? లంగరు అంటే ఇసుక ఉన్న చోటే వేయమని గట్టిగా చెప్పండి. డబ్బు ఇచ్చేది మీరు, మీ మాట వింటారు.